క్వార్టర్ వెనకాల ఎపికూరీయులు

మొన్న సెంటినరీ కాలనీలో రిటైరైన కార్మికులకు సంతోషం మీద క్లాసు పెట్టారు. సంతోషానికి క్లాసేమిటని నవ్వకండి, ఇప్పుడు అన్నిటికీ క్లాసులున్నాయి. హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, చెవికి తగిలించిన మైకు. ముప్పై ఏళ్లు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పానని, ఈ బొగ్గు నేల మీదే పెరిగానని నన్ను కూడా రెండు మాటలు చెప్పమని పిలిచారు. అతను గోడ మీద బొమ్మలు వేస్తూ వేస్తూ గడ్డంతో ఉన్న ఒక రాతి ముఖం దగ్గర ఆగి, "ఈయన ఎపిక్యూరస్. రెండు వేల ఏళ్లకు ముందే సంతోషం రహస్యం చెప్పిన గ్రీకు పెద్దమనిషి" అన్నాడు. నా కాళ్లు కదలడం మొదలైంది. చిన్నప్పటి నుంచీ నాకు నిలకడ లేదు, కాలుగాలిన పిల్లి అని మా అమ్మ తిట్టేది. డెబ్బై దాటినా ఆ జబ్బు పోలేదు. లేచి బయటికి పోదామా అనుకుంటుంటే నాకు దాహమేస్తోందనుకుని ఎవరో నీళ్ల సీసా చేతిలో పెట్టారు.

ఆ రాతి మనిషి నాకు కొత్తవాడు కాదు. గోదావరిఖనిలో మా క్వార్టర్ వెనకాల, సొరకాయ పందిరి కింద మూడు నాలుగేళ్లు మాతోపాటు కాపురం చేశాడు. తీసుకొచ్చింది మా నాన్న ఇస్సాకు. మేము బాపు అనేవాళ్లం. బాపు బాయి మీద ల్యాంప్ రూంలో గుమాస్తా. బాయి అంటే మా దగ్గర బొగ్గు గని. లోపలికి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను కిటికీలో ఇచ్చి, తలకు పెట్టుకునే దీపం తీసుకుంటాడు. ఆ బిళ్ళ బోర్డు మీద మేకుకు వేలాడుతుంది. పైకొచ్చి దీపం ఇచ్చాక బిళ్ళ వెనక్కి తీసుకుంటాడు. షిఫ్టు దిగాక కూడా మేకుకు బిళ్ళ ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం, వెతకడానికి మనుషులు దిగుతారు. దీపాల బ్యాటరీల్లో పోసే ఆమ్లం చింది బాపు చొక్కాలన్నిటికీ ఆవగింజంత చిల్లులుండేవి. అమ్మ వాటిని కుడుతూ కూర్చునేది. ఉతికిన చొక్కాకు కూడా ఆ పుల్లటి ఘాటు వాసన పోయేది కాదు. సాయంత్రం అన్ని ఇళ్ల ముందూ ఒకేసారి బొగ్గు పొయ్యిలు రాజేసినప్పుడు లేచే పొగ, ఆ చొక్కా వాసన, ఈ రెండూ కలిస్తేనే నాకు ఇల్లు అన్న మాటకు అర్థం.

మాది క్రైస్తవ కుటుంబం. ఒక ఆదివారం వాక్యంలో ఏతెన్సు పట్టణంలో అపొస్తలుడితో వాదానికి దిగిన ఎపికూరీయులనేవాళ్ల మాట వచ్చింది. ఆరాధన అయ్యాక బాపు పాస్టరు అయ్యగారిని పట్టుకుని వాళ్లెవరని అడిగాడు. "తిండిపోతులు, తాగుబోతులు. వాళ్లతో మనకేం పని ఇస్సాకూ" అన్నారు అయ్యగారు. బాపుకు ఆ జవాబు ఆనలేదు. తిండిపోతులు అపొస్తలుడితో ఎందుకు వాదిస్తారు, తినే పని మానుకుని? తనకు మిషన్ బడిలో చదువు చెప్పిన ముసలి టీచరు దగ్గర అట్టలేని ఇంగ్లీషు పుస్తకమొకటి ఉందని తెలిసి, రైలెక్కి వెళ్లి తెచ్చుకున్నాడు. పక్కన నిఘంటువు పెట్టుకుని, పెదవులు కదుపుతూ నెలల తరబడి చదివాడు. అందులో తిండిపోతు ఎక్కడా లేడు. ఊరి గొడవలకు దూరంగా ఒక తోట కొనుక్కుని, స్నేహితులను చేరదీసి, రొట్టె ముక్క, మంచినీళ్లతో కడుపు నింపుకున్న బక్కమనిషి ఉన్నాడు. ఆ తోటలోకి ఆడవాళ్లనూ బానిసలనూ కూడా రానిచ్చాడట. పండగలాగా అనిపించాలంటే ఆయనకు కాస్త చీజు చాలునట. చీజంటే ఏమిటో మా క్వార్టర్ల లైనులో ఎవరికీ తెలియదు. నిఘంటువులో జున్ను అని ఉంది. అంతే, గ్రీకు మహానుభావుడు జున్ను తిని బతికాడని మా ఇంట్లో ఖాయమైపోయింది.

దాన్ని మొదట తప్పుపట్టింది ఓదెలు కాక. గని లోపల కప్పు కూలకుండా కర్ర దిమ్మలు నిలబెట్టే పని ఆయనది. పక్క పల్లెలో భూమి బాయి కింద పోతే పనికి కుదిరినవాడు, ఇంటి దగ్గర ఇంకా రెండు బర్రెలుండేవి. "జున్నంటె బర్రె ఈనినప్పుడే గద సారు వచ్చేది. గాయన తోటల బర్రె ఏడాదికి ఎన్నిపార్లు ఈనుతుండె?" అని అడిగాడు. బాపు మళ్లీ నిఘంటువు తిరగేశాడు. ఓదెలు కాక మాత్రం తన బర్రె ఈనిన ప్రతిసారీ మర్చిపోకుండా ఒక గిన్నెడు జున్ను పట్టుకొచ్చేవాడు, "గిది గ్రీకాయన పాలు" అంటూ.

మూడో మనిషి రాజలింగు కాక, బొగ్గు నింపేవాడు, నెలకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. మొదటి షిఫ్టు దిగి, స్నానాలు చేసి, ముగ్గురూ పందిరి కింద చేరేవాళ్లు. ఎవరి రొట్టె వాళ్లు తెచ్చుకోవాలి. ఉల్లిగడ్డ, ఉడకబెట్టిన గుడాలు, అంటే గుగ్గిళ్లు, మా ఇంటివి. తడి గోనె చుట్టిన కుండలో నీళ్లు. ఆ చోటికి బాపు పెట్టిన నియమం ఒకటే, అక్కడ ఫికర్ మాటలు, అంటే దిగులు మాటలు, మాట్లాడకూడదు. ప్రమోషన్, చార్జిషీటు, పక్కింటివాళ్ల కొత్త రేడియో, ఇవేవీ పందిరి లోపలికి రాకూడదు. ఆకుల సందుల్లోంచి పడే వెలుగులో ఎగిరే బొగ్గు నలుసులను చూపించి, ప్రపంచమంతా ఇట్లాంటి కణాలేనని, అవి కలిస్తే మనం, విడిపోతే మట్టి అని చెప్పేవాడు. చావు ముచ్చట కూడా అక్కడే. "మనమున్నంతసేపు సావు రాదు ఓదెలూ. అది వచ్చేయాళ్లకు మనముండం. ఇద్దరు ఎదురుపడనే పడరు. ఇగ భయమెందుకు?"

"మా పని చూసే సర్దార్ లెక్కనే అన్నట్టు," అన్నాడు ఓదెలు కాక. "నేను పనిచేసేకాడ ఆయన కనవడడు."

రాజలింగు కాక కూడా నవ్వాడు. అమ్మ మాత్రం వాకిట్లోంచే, "చెప్పేటోడు పైన, దిగేటోడు కింద. మంచిగున్నది మీ తోట" అంది. బాపు వినిపించుకోలేదు. నాకు మాత్రం ఆ మాట చెవిలో జోరీగలా ఉండిపోయింది, ఇప్పటికీ ఉంది.

షిఫ్టు దిగిన వేళ ల్యాంప్ రూం కిటికీ ముందు బారెడు లైను. ఒళ్లంతా బొగ్గు, నెత్తిన రామగుండం ఎండ, అరగంటకు తక్కువ కాదు. ఆ అరగంట తోటకు మిగలాలని బాపు ఒక వెసులుబాటు కనిపెట్టాడు. తన డ్యూటీ అయి లేచేటప్పుడు వాళ్లిద్దరి బిళ్ళలు ముందే మేకుల నుంచి తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. వాళ్లు దీపాలను వెనక తలుపు దగ్గర పెట్టేసి, లైనులో నిలబడకుండా నేరుగా వచ్చేవాళ్లు. పందిరి కింద రొట్టె విరుస్తూ ఎవరి బిళ్ళ వాళ్లకు ఇచ్చేవాడు. రూలుకు విరుద్ధమే. కాని రోజూ వచ్చే మనుషులు, రోజూ తినే రొట్టె. అందులో ప్రమాదముందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదంటే నమ్మండి.

నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. ఎండాకాలం, పరీక్షలకు చదువుతూ వెనక గడప మీద కూర్చున్నాను. బాపు వచ్చాడు, రాజలింగు కాక వచ్చాడు, ఓదెలు కాక రాలేదు. "దిమ్మ ఒకటి సడలిందట. చూసొస్త, మీరు నడువుండ్రి అన్నడు" అన్నాడు రాజలింగు కాక. బాపు ఆయన బిళ్ళ ఆయనకిచ్చాడు. రెండో బిళ్ళ జేబులోనే ఉంది, ఆ పలచటి చొక్కాలోంచి గుండ్రంగా నాకు కనిపిస్తూనే ఉంది. పుస్తకంలో ఒక పేజీ తిప్పి ఆ జేబు వంక చూశాను. ఇంకో పేజీ తిప్పి మళ్లీ చూశాను. "బాపూ, ఓదెలు కాక ఇంక రాలేదేంది?" అన్నాను.

"వస్తడు తియ్యి. ఇంటికి పొయ్యిండేమో."

కాసేపాగి మళ్లీ అడిగాను. "నీ కాలెన్నడు నిలువదు గదనే రూతూ," అన్నాడు బాపు, విసుక్కోకుండా, నవ్వుతూనే. "గీడ ఫికర్ వద్దని చెప్పిన్నా లేదా? జర నిమ్మళంగ కూసోరాదు." నిమ్మళంగా కూర్చున్నాను. జీవితంలో పెద్దవాళ్ల మాట విని కదలకుండా కూర్చున్న గంట నాకు అదొక్కటే. ఆ గంట కోసం ఇప్పటిదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

పొద్దు వాలుతుండగా ఓదెలు కాక భార్య లచ్చవ్వ, నాలుగేళ్ల కూతురు సమ్మక్కను చంకనేసుకుని వచ్చింది. "మా ఆయనను ఇగ పంపుండ్రి సారు, బర్రె కట్టు తెంపుకున్నది" అంది నవ్వుతూ. ఆమె ముగ్గురి ముఖాలూ చూసింది. నేను లేచి నిలబడి, "బాపూ, కాక బిళ్ళ నీ జేబులనే ఉన్నది" అన్నాను. బాపు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. అట్లాంటి ముఖం ఆయనకు అంతకు ముందు లేదు, తర్వాత పోలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. బాయి మీద రెండో షిఫ్టు గుమాస్తా బోర్డు చూపించి, అందరూ పైకొచ్చేశారు కదా అన్నాడట. "ఓదెలు రాలే, ఓదెలు రాలే" అని మాత్రమే అన్నాడట బాపు. ఎందుకు బోర్డు ఖాళీగా ఉందో చెప్పలేదు, అడిగే తీరిక కూడా ఎవరికీ లేదు. మనుషులు దిగారు. పనులు ఆగిపోయిన మూలలో కప్పు కూలి, బండ కింద కుడిచెయ్యి ఇరుక్కుని ఓదెలు కాక ప్రాణంతో ఉన్నాడు. ఇంకాస్త ముందు వచ్చుంటే చెయ్యి దక్కేదని డాక్టరు అన్నాడు. ఎంత ముందు అని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ రాలేదు.

మూడోనాడు బాపుతో కలిసి అన్నం గిన్నె పట్టుకుని దవాఖానకు పోయాను. కుడివైపు భుజం దాకా కట్టు. బాపు మంచం అంచున కూర్చుని అన్నం గిన్నె మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. చివరికి ఓదెలు కాకే మొదలుపెట్టాడు. "సారు, మీరు చెప్పింది కరెక్టే. సావు అంటె భయం కాలె. దీపం కూడ ఆరలె, మంచిగనె ఎలుగున్నది. గాని గంతల బిళ్ళ మీ జేబుల ఉంటదని యాదికొచ్చింది. బోర్డు మీద నేను లేను గద, ఇగ నన్ను ఎవలు దేవులాడుకుంట వస్తరు అనిపిచ్చింది. గప్పుడు భయమైంది." ఆయన ఫిర్యాదు చేయలేదు. జరిగింది జరిగినట్టు, పని దగ్గర ముచ్చట చెప్పినట్టు చెప్పాడు. బాపు జేబులోంచి బిళ్ళ తీసి దుప్పటి మీద పెట్టాడు. ఓదెలు కాక దాన్ని ఎడమచేత్తో తీసుకుని పిడికిలి మూశాడు. విచారణకు వచ్చిన ఆఫీసరుతో, తాను ఒకసారి పైకొచ్చి బిళ్ళ తీసుకున్నానని, దిమ్మ గుర్తొచ్చి మళ్లీ బిళ్ళ ఇవ్వకుండా దిగానని, తప్పంతా తనదేనని చెప్పాడు. అట్లాగే రాసుకున్నారు. బాపు తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. అమ్మకు తెలుసు, రాజలింగు కాకకు తెలుసు, నాకు తెలుసు. మేమూ ఊరుకున్నాం.

ఆ తర్వాత తోట లేదు. నీళ్లు పోసేవాళ్లు లేక తీగ ఎండిపోయింది. బాపు పుస్తకం వెనక్కి ఇవ్వడానికి వెళ్లేసరికి టీచరు చనిపోయి ఉన్నాడు, దాన్ని ఏం చేశాడో బాపు మాకు చెప్పలేదు. ఓదెలు కాకకు పైన పని ఇచ్చి రామకృష్ణాపూర్ పంపించారు. బాపు ల్యాంప్ రూంలో పులి అయిపోయాడు. సొంత బామ్మర్ది వచ్చినా లైనులో నిలబడాల్సిందే. ఇస్సాకు సారు ఉంటే బోర్డుకు తిరుగులేదని బాయి మీద పేరొచ్చింది, రిటైరైనప్పుడు అదే మాట చెప్పి శాలువా కప్పారు. ఆ శాలువా ఆయన ఒక్క చలికాలం కూడా కప్పుకోలేదు. ఎనభై దాటి, నిద్రలోనే పోయాడు. నిమ్మళంగ పోయిండు, పుణ్యాత్ముడు అన్నారు ఇరుగుపొరుగు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

నేను తత్వశాస్త్రంలోకి ఎందుకు పోయానని అడుగుతారు. బహుశా ఆ గ్రీకు మనిషితో తేల్చుకోవడానికే. ప్రతి ఏడూ ఆయన పాఠం వచ్చేసరికి కుర్చీలో కూర్చోలేక గది ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూ చెప్పేదాన్ని. వందల ఏళ్లు పాతిపెట్టినా ఆయన మాటలు మళ్లీ మొలిచాయని చెప్పేదాన్ని. ప్రపంచం కణాల కూర్పు అన్నది సైన్సు తీసుకుంది. మనిషి బాధపడటానికే పుట్టలేదన్నది చట్టాలు రాసేవాళ్లు తీసుకున్నారు. రాజ్యం ఉన్నది జనం సుఖం కోసమేనని ఇవాళ మనం ఇంత తేలిగ్గా అనేస్తామంటే అందులో ఆయన వాటా ఉంది. ఎనిమిది గంటల షిఫ్టు కోసం, గనిలో గాలి కోసం కొట్లాడిన మా వాళ్లకు ఆయన పేరు తెలియదు, ఆశ మాత్రం అదే. ఇదంతా నిజమే, కాదనను. కాని ఆ కుర్రాడు వేసిన బొమ్మల్లో ప్రతిదాంట్లో ఒక్క మనిషే ఉన్నాడు, కళ్లు మూసుకుని, తన ఊపిరి తాను చూసుకుంటూ. కోరికలు తగ్గించుకోండి, బాధపెట్టే ఆలోచనలను దూరం పెట్టండి అంటున్నాడు. ఎవరి పిచ్చి వారికానందం. ఆ గ్రీకాయన తోటలో ఒంటరిగా కూర్చోలేదు. స్నేహితుణ్ని మించిన భద్రత లేదని నమ్మినవాడు. ఆ ముక్క బాపు కూడా చదివాడు, మాకు చదివి వినిపించాడు కూడా. ఫికర్ వద్దన్నది పట్టుకుని, దీన్ని జేబులో వేసుకుని మర్చిపోయాడు.

నా వంతు రాగానే మైకు తీసుకుని రెండు మాటలకు బదులు ఇదంతా చెప్పేశాను. తప్పు మా బాపుది, నిందపడింది ఓదెలుది అని పేర్లతో సహా చెప్పాను. కుర్రాడు, "చాలా ఎమోషనల్ షేరింగ్ మేడమ్" అని టీ విరామం ఇచ్చాడు. బయట అరుగు మీద నిలబడ్డాను. యాభై దాటిన ఒకామె, నెరిసిన జుట్టు, చేతిలో రెండు టీ కప్పులతో వచ్చి ఒకటి నాకిచ్చింది.

"నేను సమ్మక్కను రూతక్కా, ఓదెలు బిడ్డను. మా ఆయన గీడనే రిటైరైండు."

ఏదో అనబోయాను, క్షమించమనే అనుకుంటా. ఆమె తల అడ్డంగా ఊపింది.

"బిళ్ళ ముచ్చట మాకు ఎరుకనే అక్కా. మా బాపు మా అవ్వకు గప్పుడే చెప్పిండు. కోపం గిట్ల ఏం లేకుండె ఆయనకు. సారు సదువుకునే పిల్లలున్నోడు, నౌకరి పోతె ఎట్ల అన్నడట."

"మరి తరవాత..."

"తరవాత ఐతారమొస్తె చాలు, రామగుండం దిక్కునుంచి బండి వచ్చే యాళ్లకు స్టేషన్ల పొయ్యి నిలవడేటోడు. సారు వస్తడు, రాకుంట ఎట్లుంటడు అనుకుంట. నేను పెండ్లయి పోయేదాక పోయిండు. అవ్వ తిట్టేది. చెయ్యి లేని నన్ను చూడనీకి సారుకు మనసొప్పుతలేదేమో అని ఆఖరికి ఆయనే సమ్‌జాయించుకున్నడు." ఆమె టీ ఒక గుక్క తాగి నా ముఖంలోకి చూసింది. "నిజంగ గందుకేనా అక్కా? ఎందుకు రాలె మీ బాపు?"

రైలులో అరగంట దారి. ఆ అరగంట గురించి ముప్పై ఏళ్ల పాఠాల్లో నేనెక్కడా చదవలేదు. "సిగ్గుపడ్డాడు," అన్నాను.

సమ్మక్క కప్పులో మిగిలిన టీ అరుగు కింద పారబోసింది. లోపల మైకులో కుర్రాడు అందరినీ కుర్చీల్లోకి రమ్మంటున్నాడు.

"గా మాటన్న వచ్చి చెప్పకపాయె," అంది. "చెప్పుంటె మా బాపు నవ్వేటోడు."